ఏకస్థాయి స్మృతి నిర్మాత: ఆచార్య టామ్ కిల్‌బర్న్

విజ్ఞానశాస్త్ర చరిత్రలో మహనీయులు రెండు విధాలుగా కానవస్తారు. కొందరి పేరు ప్రాథమిక పాఠశాల బాలునికి సైతం తెలుసు. న్యూటన్, ఎడిసన్, ఐన్‌స్టీన్ ఈ కోవకు చెందినవారు. మరికొందరు తమ శాస్త్రంలో ఎంత ప్రసిద్ధులైనప్పటికీ, వారి కృషిఫలాన్ని ప్రతి దినం అనుభవించే సామాన్య జనులకు వారి పేరు తెలియదు. ఇంగ్లండు దేశస్థుడైన ఆచార్య టామ్ కిల్‌బర్న్ ఈ రెండవ కోవకు చెందిన మహామేధావి.

మన శేరిలింగంపల్లి ప్రాంతంలో 1974లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వెలసింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఒకనాడు రాళ్ళగుట్టలు, చెరువులు, మెట్టపొలాలు ఉన్న ఈ నేలపై నేడు లెక్కకు మిక్కిలిగా కంప్యూటర్లు రాత్రింబవళ్ళు పనిచేస్తున్నాయి. వాటిలో ప్రతి ఒక్కటీ క్షణక్షణం ఒక ప్రశ్నకు సమాధానం చెప్పుకొంటూ ఉంటుంది. చేతికందే చోట దేనిని ఉంచుకోవాలి, దేనిని దూరంగా పంపివేయాలి? ఈ నిర్ణయభారాన్ని మనిషి తలపై నుండి దించి యంత్రానికి అప్పగించిన కార్యానికి నాయకత్వం వహించినవారు కిల్‌బర్న్. ఆ భవనాల వాకిటనే పుట్టి పెరిగి, లోపల జరిగేది తమకు అంతుచిక్కని విద్య అని భావించే మన విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

బాల్యము, విద్యాభ్యాసము

కిల్‌బర్న్ 1921 ఆగస్టు 11వ తేదీన యార్క్‌షైర్ ప్రాంతంలోని డ్యూస్‌బరీ పట్టణంలో జన్మించారు. అది ఉన్ని మిల్లుల ఊరు. ఆజంజాహి మిల్లు నడిచిన రోజులలో వరంగల్లు పట్టణానికి మిల్లు ఎట్లు ప్రాణమో, ఆ ఊరికి ఉన్ని పరిశ్రమ అట్లు ప్రాణం. తండ్రి ఒక మిల్లులో గుమాస్తాగా పనిచేసేవారు. ఐశ్వర్యవంతుల కుటుంబం కాదు. స్థానిక గ్రామర్ స్కూలులో చదువుకొన్న కుర్రవాడు గణితశాస్త్రంలో అసాధారణమైన ప్రజ్ఞ కనబరచి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో ప్రవేశం సంపాదించారు. రెండవ ప్రపంచ యుద్ధం మూలంగా విద్యాకాలాన్ని కుదించిన రోజులవి. 1942లో ఆయన పట్టభద్రులయ్యారు.

యుద్ధ ప్రయత్నాలలో భాగంగా ప్రభుత్వం ఆయనను ఎలక్ట్రానిక్స్ రంగానికి పంపింది. కొద్దికాలం శిక్షణ పొంది, రాడార్ పరిశోధన జరిగే మాల్వర్న్ కేంద్రంలో చేరారు. గణితం చదివిన యువకునికి వైరు, వాల్వు, విద్యుత్ ప్రవాహం కొత్త లోకం. అక్కడ ఫ్రెడరిక్ విలియమ్స్ అనే ప్రతిభాశాలి వద్ద పనిచేసే భాగ్యం లభించింది. 1946 చివర విలియమ్స్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి ఆచార్యులుగా వెళ్ళినప్పుడు కిల్‌బర్న్ ఆయన వెంట నడిచారు. ఆ తరువాత తన జీవితమంతా మాంచెస్టర్‌కే అంకితం చేశారు.

గాజు గొట్టంలో జ్ఞాపకం

ఆ రోజులలో వేగంగా లెక్కచేయగల యంత్రాలు లేకపోలేదు. కాని చేయవలసిన పనిని, దానికి కావలసిన సంఖ్యలను తనలోనే నిలుపుకొని, క్షణంలో అందించగల స్మృతి యంత్రానికి కరవయింది. విలియమ్స్ రాడార్ తెరలుగా వాడే కాథోడ్ కిరణ గొట్టాన్ని ఇందుకు ఉపయోగించాలని సంకల్పించారు. గొట్టపు ముఖంపై విద్యుదావేశాన్ని చిన్న చిన్న చుక్కలుగా నిలిపితే, చుక్క యొక్క రూపాన్ని బట్టి సున్న లేక ఒకటి అని చదువుకోవచ్చును. చిక్కల్లా ఏమంటే, ఆ ఆవేశం సెకనులో కొంతభాగానికే కరిగిపోతుంది. కనుక అది కరగకముందే చదివి, మరల అక్కడనే వ్రాయాలి. పద్యం మరచిపోకుండా విద్యార్థి మళ్ళీమళ్ళీ వల్లెవేసినట్లే ఇది కూడా. ఈనాటి కంప్యూటర్ల ప్రధాన స్మృతి కూడా ఇట్లు వల్లెవేస్తూనే నిలుస్తుండడం గమనార్హం.

1946లో ఒక్క చుక్కతో ఆరంభమైన ప్రయోగాన్ని కిల్‌బర్న్ 1947 చివరికి ఒకే గొట్టంపై 2048 చుక్కల వరకు పెంచారు. ఆ స్మృతి నిజంగా పనికివస్తుందా అని పరీక్షించడానికి ఆయన, విలియమ్స్, జెఫ్ టూటిల్ కలసి ఒక చిన్న యంత్రాన్ని నిర్మించారు. దానికి బేబీ అని ముద్దుపేరు. 1948 జూన్ 21వ తేదీన అది కిల్‌బర్న్ వ్రాసిన 17 ఆదేశాల ప్రోగ్రామును 52 నిమిషాలపాటు నడిపి, 2,62,144 అనే సంఖ్యకు దానికంటె చిన్నవైన భాజకాలలో అన్నింటికంటె పెద్దదైన 1,31,072ను కనుగొన్నది. ప్రోగ్రామును తన ఎలక్ట్రానిక్ స్మృతిలోనే నిలుపుకొని నడిపిన మొట్టమొదటి కంప్యూటరుగా అది చరిత్రకెక్కింది.

బేబీ స్మృతి ఎంతటిది? ఒక్కొక్కటి 32 బిట్లు గల 32 పదాలు. నేటి లెక్కలో 128 బైట్లు. ఇప్పుడు తెలుగును కంప్యూటరులో నిలుపుకొనే వాడుక పద్ధతిలో ప్రతి అక్షర సంకేతానికి 3 బైట్లు కావాలి. శేరిలింగంపల్లి అన్న పేరులో 14 సంకేతాలున్నవి. అనగా మన ఊరి పేరును మూడుసార్లు వ్రాస్తే ఆ యంత్రపు స్మృతి దాదాపుగా నిండిపోతుంది. అంతటి దారిద్ర్యంలోనే కంప్యూటర్ యుగం కళ్ళు తెరచింది.

రెండు అంతస్తుల చిక్కు

ఆ యంత్రమే పెరిగి మాంచెస్టర్ మార్క్-1 అయింది. ఫెరాంటి సంస్థ దానిని వ్యాపార సరళిలో తయారుచేసి, 1951లో తొలి యంత్రాన్ని విశ్వవిద్యాలయానికి అందజేసింది. దీనిలో స్మృతి రెండు అంతస్తులు. పైన, వేగం గలది, ఖరీదైనది, చిన్నదైన గొట్టాల స్మృతి. క్రింద, నెమ్మదిగా పనిచేసేది, చవకైనది, విశాలమైన అయస్కాంతపు డ్రమ్ము.

మన కళాశాల గ్రంథాలయాన్ని ఉదాహరణగా తీసుకొందాం. చదువుకొనే బల్లపై కొద్ది పుస్తకాలకే చోటున్నది. మిగిలినవన్నీ వెనుక గదిలోని బీరువాలలో ఉన్నవి. కావలసిన పుస్తకం బల్లపై ఉంటే చేయి చాచడమే తరువాయి. లేకపోతే లేచి వెళ్ళి, బల్లపై ఉన్నదొకటి బీరువాలో పెట్టి, కావలసినది తెచ్చుకోవాలి. ప్రోగ్రాము వ్రాసేవారికి ఆ రోజులలో ఇదే నిత్యశ్రమ. ఏ ఘట్టంలో ఏ భాగం పైకి రావాలో, ఏది క్రిందికి పోవాలో ముందుగానే లెక్కగట్టి, ప్రోగ్రాములో స్వయంగా వ్రాసుకోవలసి వచ్చేది. అసలు సమస్యకు పట్టే బుద్ధిబలం కంటె ఈ మోతకు పట్టేదే ఎక్కువగా ఉండేది. భౌతికశాస్త్రజ్ఞుడు, రసాయనశాస్త్రజ్ఞుడు తమ శాస్త్రం విడిచి యంత్రానికి కూలివాండ్రయ్యారు. 1954లో మాంచెస్టర్‌లోనే టోనీ బ్రూకర్ రూపొందించిన ఆటోకోడ్ భాష ఈ చిక్కును కొంత మరుగుపరచింది. కాని యంత్రమే ఆ భారాన్ని స్వయంగా వహించే మార్గం ఇంకా ఏర్పడలేదు.

అట్లాస్ అవతరణ

1956లో కిల్‌బర్న్ బృందం మ్యూజ్ అనే మహావేగ కంప్యూటర్ నిర్మాణానికి పూనుకొన్నది. సెకనుకు పది లక్షల ఆదేశాల వేగాన్ని అందుకోవాలని వారి ఆశయం. 1959లో ఫెరాంటి సంస్థ కలసివచ్చింది. యంత్రానికి అట్లాస్ అని పేరు పెట్టారు. 1962 డిసెంబరు 7వ తేదీన దాని ప్రారంభోత్సవం జరిగింది.

అట్లాస్‌లో వేగవంతమైన స్మృతి 16 వేల పదాలకు మించదు. డ్రమ్ములపై మరి 96 వేల పదాలు పట్టేవి. ఈ రెండింటికీ వేగంలో గల అంతరాన్ని ఊహించండి. పై స్మృతి సుమారు 2 మైక్రోసెకన్లలో పలికేది. డ్రమ్ము ఒక చుట్టు తిరగడానికి 12 మిల్లీసెకన్లు పట్టేది గనుక, కోరిన చోటు ఎదుటికి రావడానికి సగటున 6 మిల్లీసెకన్లు ఆగాలి. మూడువేల రెట్ల తేడా ఇది. బల్లపై పుస్తకం తీయడానికి ఒక్క సెకను పడితే, బీరువా నుండి తేవడానికి 50 నిమిషాలు పట్టినట్లు.

కిల్‌బర్న్, ఆయన సహచరులైన ఎడ్వర్డ్స్, లానిగన్, సమ్నర్ దీనికి కనుగొన్న ఉపాయమే ఏకస్థాయి స్మృతి. 1962లో ఈ నలుగురి పేర వెలువడిన పరిశోధనా పత్రం కంప్యూటర్ శాస్త్రంలో మైలురాయిగా నిలిచింది. ప్రోగ్రాము వ్రాసేవానికి రెండు అంతస్తులున్న సంగతే తెలియనక్కరలేదు. అతని కంటికి ఒకే విశాలమైన స్మృతి కానవస్తుంది. యంత్రం ఆ స్మృతిని 512 పదాల పేజీలుగా విభజించి, ఏ పేజీ ఇప్పుడు ఎచ్చట ఉన్నదో తన చిట్టాలో వ్రాసుకొంటుంది. కోరిన పేజీ పైన ఉంటే సరేసరి. లేకపోతే ప్రోగ్రామును కాసేపు నిలిపి, సూపర్‌వైజర్ అనే పర్యవేక్షక ప్రోగ్రాము రంగంలోకి దిగి, ఆ పేజీని డ్రమ్ము నుండి తెప్పిస్తుంది. ఈలోగా యంత్రం ఊరక కూర్చోదు, మరొక ప్రోగ్రాము పని చూస్తుంది. నేడు మనం ఆపరేటింగ్ సిస్టమ్ యొక్క కెర్నల్ అని పిలిచే దానికి ఆ పర్యవేక్షకుడు పూర్వీకుడు.

ఇందులో రెండు సూక్ష్మాలు ముఖ్యంగా గమనింపదగినవి. మొదటిది, పైన ఒక పేజీ చోటును ఎల్లప్పుడు ఖాళీగా ఉంచడం. కొత్త పేజీ అవసరమైనప్పుడు పాతది వెళ్ళేదాకా ఎదురుచూడక, అది నేరుగా ఆ ఖాళీలోకి వస్తుంది. అది వస్తున్న సమయంలోనే తరువాతి ఖాళీకై మరొక పేజీని ఎన్నుకొంటారు. అతిథి వచ్చిన తరువాత గది ఊడ్చే ఇల్లాలికీ, ముందే ఊడ్చి ఉంచే ఇల్లాలికీ ఉన్న తేడా ఇది.

రెండవది, వెళ్ళవలసిన పేజీని ఎన్నుకొనే విధానం. ప్రతి పేజీకి ఒక వాడుక గుర్తు ఉండేది. 1024 ఆదేశాలకొకసారి పర్యవేక్షకుడు ఆ గుర్తులను పరిశీలించి, ఏ పేజీ ఎంతకాలంగా నిశ్చలంగా ఉన్నదో, ఇంతకు పూర్వం ఎంతకాలం విశ్రమించి మరల పనికి వచ్చిందో లెక్కించేవాడు. తన పూర్వపు విశ్రాంతి కాలాన్ని కూడా మించి నిశ్చలంగా ఉన్న పేజీ ఇక అవసరం లేనిదని భావించి దానిని ముందుగా పంపేవాడు. అటువంటిది లేకపోతే, మరల అవసరపడడానికి అందరికంటె ఆలస్యమయ్యేదేదో గతానుభవాన్ని బట్టి ఊహించేవాడు. ఈ భాగానికి అభ్యసన ప్రోగ్రాము అని పేరు. ఇవి గాక తాళపు గుర్తు మరొకటి. రాకపోకలలో ఉన్న పేజీని ఎవరూ మధ్యలో ముట్టకుండా అది కాపాడేది.

సందేహాలు, పరీక్షలు

ఇంతటి నూతన భావాన్ని లోకం వెంటనే తలకెత్తుకోలేదు. తన ప్రోగ్రాము సంగతి తెలిసిన మనిషి కంటె, ఏమీ తెలియని యంత్రం మేలైన నిర్ణయం చేయగలదా అని పలువురు సందేహించారు. సందేహం నిరాధారమైనది కాదు. అనేక ప్రోగ్రాములు కొద్దిపాటి స్మృతికై పోటీపడితే, పేజీల రాకపోకలతోనే కాలమంతా గడచి, అసలు పని కుంటువడుతుంది. 1968లో అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ డెన్నింగ్ ఈ రోగానికి నిదానం చెప్పి, ప్రతి ప్రోగ్రాముకు ఆ క్షణాన అవసరమైన పేజీల సముదాయాన్ని కొలిచే మార్గం చూపారు. 1969లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన డేవిడ్ సేయర్ బృందం ప్రయోగపూర్వకంగా పరిశీలించి, యంత్రం చేసే ఏర్పాటు మనిషి చేసే ఏర్పాటుకు తీసిపోదని నిర్ధారించింది. కిల్‌బర్న్ బృందం ఏడేండ్ల పూర్వమే ఆచరణలో చూపిన మార్గానికి ఆ విధంగా శాస్త్రలోకపు ఆమోదం లభించింది.

ఆచార్యత్వము, గౌరవములు

కిల్‌బర్న్ కేవలం యంత్రనిర్మాత కారు. 1964లో మాంచెస్టర్‌లో బ్రిటన్ దేశపు మొట్టమొదటి కంప్యూటర్ సైన్సు శాఖను స్థాపించి, దాని అధిపతిగా వ్యవహరించారు. 1965లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1978లో ఆ సొసైటీ వారి రాయల్ పతకం, 1983లో ఎకర్ట్-మాక్లీ పురస్కారం ఆయనను వరించాయి. ఆయన నాయకత్వంలో ఎం.యు.5 అనే మరొక యంత్రం రూపొంది, బ్రిటన్‌లో తయారైన ఐ.సి.ఎల్. 2900 శ్రేణికి మార్గదర్శకమయింది. మితభాషి, ప్రచారానికి దూరంగా ఉండే స్వభావం కలవారు. 1981లో పదవీ విరమణ చేశారు. ధర్మపత్ని ఐరీన్ వియోగం కూడా అదే సంవత్సరం సంభవించింది. 1998 జూన్ 21న, బేబీ పుట్టిన ఏబదేండ్లకు, పునర్నిర్మించిన ఆ యంత్రం మాంచెస్టర్‌లో మరల నడిచినప్పుడు, 76 ఏండ్ల కిల్‌బర్న్ టూటిల్‌తో కలసి ఆ వేడుకలో పాల్గొన్నారు. 2001 జనవరి 17న ఆయన కన్నుమూశారు.

ఆ విత్తనమే మహావృక్షమై

అదే జనవరి 4వ తేదీన లినక్స్ కెర్నల్ 2.4 విడుదలైంది. అప్పటివరకు ఫైళ్ళ భాగాలను నిలుపుకొనే బఫర్ల నిలువ ఒకటి, పేజీల నిలువ మరొకటి వేరువేరుగా ఉండేవి. ఒకే సమాచారం రెండుచోట్ల చేరి స్మృతి వృథా అయ్యేది. ఈ కెర్నల్‌తో ఆ రెండూ ఏకమయ్యాయి. డిస్కుపై ఉన్న ఫైలు బీరువాలోని పుస్తకమైతే, స్మృతిలోని పేజీ బల్లపై ఉన్న ప్రతి. ఆ పేజీలో డిస్కు యొక్క ఏ గడి సమాచారం ఏ భాగంలో ఉన్నదో చెప్పే చీటీయే బఫరు. మనం ఒక ఫైలులో దిద్దుబాటు చేసినప్పుడు అది వెంటనే డిస్కును చేరదు, ముందు బల్లపై ప్రతిలో పడుతుంది. కెర్నల్ వీలు చూచుకొని తరువాత డిస్కుకు చేరుస్తుంది. ఈలోగా విద్యుత్తు పోతే ఆ దిద్దుబాటు పోయినట్లే. ప్రయోగశాలలో కంప్యూటరును పద్ధతి ప్రకారం ఆపక స్విచ్చి కట్టివేయరాదని చెప్పడంలోని అంతరార్థం ఇదే.

2006లో లినక్స్‌కు పేజీ వలస అనే సౌకర్యం చేరింది. అనేక ప్రాసెసర్లున్న పెద్ద యంత్రాలలో ప్రతి ప్రాసెసరుకు దగ్గరి స్మృతి, దూరపు స్మృతి అని రెండుంటాయి. పని ఒకచోటికి మారితే దాని పేజీలు కూడా ఆ దాపునకు మారడం మేలు. వలస అన్న మాట మన పాలమూరు సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. వలసపోయిన మనిషికి పాత చిరునామాకు వ్రాసిన ఉత్తరం చేరదు. పేజీకి కూడా అదే ప్రమాదం. కనుక కెర్నల్ ముందు ఆ పేజీకి తాళం వేస్తుంది. డిస్కుకు వ్రాత సాగుతుంటే అది ముగిసేదాకా ఆగుతుంది. పాత చిరునామా తెలిసిన ప్రోగ్రాములు మధ్యలో తలుపు తట్టితే నిరీక్షించేటట్లు ఒక గుర్తు పెడుతుంది. పేజీకి అంటిపెట్టుకొన్న బఫర్లన్నిటికీ తాళం వేసి, కొత్త చోటికి సమాచారాన్ని నకలు చేసి, చీటీలను కూడా అక్కడికి మార్చి, అప్పుడు గాని తాళాలు తీయదు. లెక్కకు రాని మరొకరు ఆ పేజీని పట్టుకొని ఉన్నట్లు తేలితే, బలవంతం చేయక వెనుకకు తగ్గి, మరల ప్రయత్నిస్తుంది. అట్లాస్‌లోని తాళపు గుర్తు, ఖాళీ చోటు, చిరునామాల చిట్టా ఇచ్చట మనకు స్పష్టంగా కానవస్తాయి. అట్లాస్ పేజీ 3072 బైట్లకు సమానం. నేడు సాధారణంగా వాడుకలో ఉన్న పేజీ 4096 బైట్లు. స్మృతి పరిమాణం లక్షల రెట్లు పెరిగినా పేజీ పరిమాణం అంతగా మారకపోవడం ఆ తొలి నిర్మాతల దూరదృష్టికి తార్కాణం.

అట్లాస్ పనిచేస్తున్న కాలంలోనే, 1967లో, మన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపితమైంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించిన డాక్టర్ ఎ.ఎస్. రావు గారు దానిని నడిపించారు. 1969లో టి.డి.సి.-12 అనే స్వదేశీ కంప్యూటరును ఆ సంస్థ లోకానికి అందించింది. ఉన్ని మిల్లు గుమాస్తా కుమారునికి, గోదావరి జిల్లా పల్లెటూరి బాలునికి తెరచుకొన్న ఆ విద్యాద్వారం నేడు మనకు కూడా తెరచియే ఉన్నది.

విద్యార్థులారా! కంప్యూటర్ విద్య అనగా నేర్చిన నాలుగు ఆదేశాలతో కొలువు సంపాదించడం మాత్రమే కాదు. తెలుగులో గాని, ఉర్దూలో గాని ఆలోచించే బుద్ధికి ఈ విషయాలు అందనివి కావు. బల్ల, బీరువా, తాళం, చీటీ తెలిసిన వారికి ఇందులో తెలియనిది లేదు. కిల్‌బర్న్ జీవితం బోధించే నీతి సరళమైనది. పదిమంది ప్రతిరోజూ మోస్తున్న బరువేదో గుర్తించాలి. దానిని వారు మోయనక్కరలేని ఏర్పాటు చేయాలి. అటుపిమ్మట వారు ఆ బరువును, దానిని దించినవానిని కూడా మరచిపోయినా ఖేదపడరాదు. సైబర్ టవర్స్ మీదుగా రాకపోకలు సాగించునప్పుడు, ఆ గోడల లోపల క్షణక్షణం వలసపోయే కోట్లాది పేజీలను, వాటికి తొలిదారి వేసిన మాంచెస్టర్ ఆచార్యుని ఒక్కసారి తలచుకొనండి.